‘లైనక్స్ లైసెన్స్ ఫీజు’ అని బిల్లు వేస్తే జాగ్రత్త

షాపుకో ఆఫీసుకో సర్వర్ కొనేవాళ్లకి ఒక మాట. లైనక్స్ అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, అందులో ఉచితంగా దొరికే రకాలు చాలా ఉన్నాయి. బిల్లులో ‘ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ లైసెన్స్, వార్షికం’ అని కనిపిస్తే డబ్బు కట్టకుండా ముందు వివరాలు అడగండి.

మా బావది మందుల హోల్‌సేల్ వ్యాపారం. బిల్లింగ్ సర్వర్ పెట్టిన డీలరు ఈ పేరుతో ఏటా 18,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ వసూలు చేస్తున్నాడు. తెర మీద డీలరు లోగోతో వాల్‌పేపర్ కూడా ఉంది. మొన్న స్టాకు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కకపోతే బావ నన్ను పిలిచాడు. ఈటీసీ ఫోల్డర్‌లో, మిషన్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో చెప్పే ఓఎస్-రిలీజ్ ఫైలు తెరిస్తే మొదటి లైన్లోనే ఉంది, సెంట్‌ఓఎస్ లైనక్స్ అని. వెర్షన్ 7. రెడ్‌హ్యాట్ కంపెనీ డబ్బుకిచ్చే ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ సోర్స్ కోడ్‌తోనే తయారై, ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోగలిగేది. పైగా దానికి 2024 జూన్ 30తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్‌డేట్లు తెచ్చే ‘యమ్ అప్‌డేట్’ కమాండ్ కొడితే, అవి దొరికే సర్వర్ల జాబితా (మిర్రర్‌లిస్ట్) అడ్రసే దొరకలేదని ఎర్రర్. పార్టీల బాకీల లెక్కలన్నీ ఈ మిషన్‌లోనే!

డీలరుకి ఫోన్ చేస్తే, “ఇది ఎంటర్‌ప్రైజ్ వెర్షన్ సార్, ఫ్రీది వేరే” అన్నాడు.

ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్, అమ్ముకోవడం తప్పని నేననను. లైనక్స్‌కి వర్తించే జీపీఎల్ అనే లైసెన్స్ దానికి ఒప్పుకుంటుంది. ఆ లైసెన్స్ రాసిన రిచర్డ్ స్టాల్‌మనే 1985లో తన ఈమ్యాక్స్ ఎడిటర్ సాఫ్ట్‌వేర్ ఉన్న టేపును 150 డాలర్లకు అమ్మాడు. సబ్‌స్క్రిప్షన్లు అమ్మి పెరిగిన రెడ్‌హ్యాట్‌ని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొంది. ఇన్‌స్టలేషన్‌కి, సర్వీసుకి అడగనీండి, ఇద్దాం. లేని లైసెన్సుకి ఎందుకివ్వాలి?

కొనేవాళ్లు తికమక పడటంలో పెద్ద కంపెనీల పాత్ర కూడా ఉంది. సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా అన్న గడువును రెడ్‌హ్యాట్ 2020 డిసెంబరులో ఉన్నట్టుండి 2021 చివరికి కుదించింది. 2023 జూన్‌లో తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ సోర్సు అందరికీ దొరికే దారినీ ఇరుకు చేసింది. సెంట్‌ఓఎస్ స్థానంలో ఆల్మా, రాకీ అని కొత్త ఉచిత లైనక్స్‌ల పేర్లొచ్చాయి. ఇన్ని పేర్లలో ఏది ఉచితమో, ఏది కాదో మందుల వ్యాపారికి ఎలా తెలుస్తుంది?

నిజమైన రెడ్‌హ్యాట్ సబ్‌స్క్రిప్షన్ అయితే కొన్నవాళ్ల పేరు మీద అకౌంట్ ఉంటుంది, గడువు అందులో కనిపిస్తుంది. ఆ లాగిన్ ఇవ్వమనండి. నీళ్లు నమిలాడంటే అనుమానించాల్సిందే. ఇంకో రకం లైనక్స్ అయిన ఉబుంటుకి అదనపు సపోర్టు ఇచ్చే ఉబుంటు ప్రో సబ్‌స్క్రిప్షన్ కూడా సొంత వాడకానికి 5 మిషన్ల దాకా ఉచితమే.

ఇప్పటికే సెంట్‌ఓఎస్ 7 మీద ఉన్నవాళ్లు ముందు బ్యాకప్ తీసుకోండి. ఆల్మాలైనక్స్ వాళ్ల ఎలివేట్ టూల్‌తో ఆల్మాలైనక్స్ 8కి మారొచ్చు, కాకపోతే మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దానిమీద నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి. మా డబ్బు సంగతి ఇంకా తేలలేదు. ఇంకోటి, డీలరుతో గొడవకి దిగే ముందే సర్వర్ మీద పూర్తి అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ రాయించుకోండి.