కర్ర పిడి రేజర్‌తో ఎనిమిది నెలలు

నిజం చెప్పాలంటే ఈ రేజర్ కొన్నది గడ్డం కోసం కాదు, ఫోటో చూసి. తల విప్పి రెండంచుల బ్లేడు ఒక్కటే పెట్టుకునే పాతకాలం రకం. ముదురు గోధుమరంగు కర్ర పిడి, పైన తళతళలాడే తల, పక్కన మడత పెట్టిన తెల్ల తువ్వాలు. 899 రూపాయలు. ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్మే చిన్న బ్రాండ్, పేరు రాయను, ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

అంతకుముందు నాది ఒకే తలలో మూడు బ్లేడ్లు బిగించి వచ్చే కార్ట్రిడ్జ్ రేజర్. దానితో మెడ కింద ఎప్పుడూ ఎర్రటి పొక్కులే. ముందు బ్లేడు వెంట్రుకని పట్టి లాగుతుంది, వెనకది చర్మం కంటే లోపలికి కోసేస్తుంది, ఆ తెగిన మొన మళ్ళీ బయటికి రాలేక లోపలే వంకర తిరిగితే పొక్కు లేస్తుంది. నాలాగా ఉంగరాల గడ్డం ఉంటే ఇంకా ఎక్కువ. ఒకటే బ్లేడు అయితే చర్మం మట్టానికి కోసి వదిలేస్తుంది. రెండో నెలకి నా మెడ శుభ్రపడింది, సెలూన్‌లో కుర్రాడు కూడా గమనించి అడిగాడు.

కానీ మొదటి వారం మాత్రం నరకం. దవడ మూల ఒక గాటు, ముక్కు కింద ఒకటి, గొంతు ముడి మీద ఒకటి, మొహానికి పటిక రుద్దుకుంటూ ఆఫీసుకి పరుగు. 1903లో జిల్లెట్ వాళ్ళు ఇలాంటి రేజర్లు అమ్మడం మొదలుపెడితే ఆ ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు, అంతే. మరుసటి ఏడాది రేజర్లే 90 వేలు దాటాయి. నాకు ఆ 51 మంది మీదే జాలి, నేర్పడానికి వాళ్ళకి ఎవరున్నారో. నాకు మా నాన్న ఉన్నారు. ఊరు నుంచి వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి రెండు నిమిషాలు చూసి, "అలా నొక్కుతావేంట్రా, నేల దున్నుతున్నావా? దాని బరువుకి దాన్నే పోనీ" అన్నారు. అసలు కిటుకు అదే. ఇంకోటి, పిడి చెంప నుంచి తిన్నగా బయటికి ఉండేలా, తల పైభాగం చర్మానికి ఆనేలా పెట్టి, గరగరమని చప్పుడు వినబడేదాకా పిడిని మెల్లగా కిందికి వాల్చాలి, అక్కడ ఆపాలి. చిన్న చిన్నగా గీయాలి. వెంట్రుక వాలుకి ఎదురు గీయడం నెల తర్వాత చూసుకోండి, ముందే తొందరపడితే నాకైనట్టే అవుతుంది.

బ్లేడ్ల ఖర్చు సంగతి అందరూ చెప్పేదే. నేను కొనే చోట అయిదు బ్లేడ్ల పెట్టె పాతిక రూపాయల లోపే, ఒక్కోటి అయిదు షేవ్‌లు వస్తుంది. టోపాజ్, సూపర్‌మ్యాక్స్, సెవెన్ ఓ క్లాక్ మూడూ వాడాను, నా గడ్డానికి సెవెన్ ఓ క్లాక్ కుదిరింది, మీకు ఇంకోటి కుదరొచ్చు. జపాన్ ఫెదర్ మాత్రం మొదట్లో ముట్టుకోకండి, అది చాలా పదును. వాడిన బ్లేడ్లు చెత్తబుట్టలో పడేయకండి బాబూ, చెత్త తీసే ఆవిడ చేతులు కోసుకుంటాయి. ఖాళీ పాలపొడి డబ్బా మూతకి సన్నగా గాటు పెట్టి అందులో వేస్తున్నాను. అన్నట్టు విమానంలో చేతి బ్యాగులో ఈ బ్లేడ్లు తీసుకెళ్ళనివ్వరు, ఊరెళ్ళేటప్పుడు గుర్తుంచుకోండి.

నురగ దగ్గర కూడా నెల తంటాలు పడ్డాను. సబ్బు మారుస్తూ పోయాను, బ్రష్ మార్చాను, తప్పంతా మా బోరు నీళ్ళదని తర్వాత తెలిసింది. ఉప్పు నీళ్ళకి సబ్బు తరక కడుతుంది తప్ప నురగ నిలవదు. ఇప్పుడు ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్ళు పక్కన పెట్టుకుంటాను. మా ఆవిడకి అది దుబారా.

ఇక పిడి. చేతిలో పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. చలికాలం పొద్దున్నే ఇనుములా చల్లగా తగలదు. కర్ర తేలిక కాబట్టి బరువంతా తలలోనే ఉంటుంది, నాన్న చెప్పినట్టు దాని బరువుకి అదే పోవడానికి అది బాగా పనికొచ్చింది. కానీ మాది విశాఖ. సముద్రం గాలి, దానికి తోడు కిటికీ లేని బాత్రూమ్. మూడో నెలలో అడుగున వార్నిష్ పొరలుగా లేచింది. వానలు మొదలయ్యాక ఇనప తల కూర్చునే చోట కర్ర నల్లబడింది, తర్వాత సన్నటి పగులు. ఒకరోజు బ్లేడు బిగిద్దామని తిప్పుతుంటే పిడి తిరుగుతోంది, తల మాత్రం బిగియడం లేదు. లోపల జిగురుతో అతికించిన ఇత్తడి మర ఊడిపోయింది. కర్ర తడికి ఉబ్బి, ఎండకి ముడుచుకుంటూ ఉంటే ఏ జిగురు ఆగుతుంది? పెట్టె మీద మాత్రం వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది. కంపెనీకి మెయిల్ పెడితే కర్రకి అది సహజం అని జవాబు. సహజమని తెలిస్తే పెట్టె మీద ఎందుకు రాశారో మరి.

అరాల్డైట్ పెట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచాను, గట్టిగా నిలిచింది. పగులుకి వారానికోసారి అవిసె నూనె రాస్తున్నాను. గీసుకోవడం అవ్వగానే తల విప్పి కడిగి, పిడిని తుడిచి, హాల్లో కిటికీ దగ్గర ఆరబెడుతున్నాను. అయిదు నెలల నుంచి మళ్ళీ ఏమీ కాలేదు. ఇంత సేవ ఒక రేజర్‌కి చేయలేను అనుకునేవాళ్ళు మామూలు ఇనప పిడిది తీసుకోండి. ఈ మధ్య వచ్చే మూడు ముక్కల రేజర్లలో (పై మూత, కింది పలక, పిడి విడివిడిగా ఊడేవి) చాలావాటికి మర ఒకే కొలత, ఎం5, అంటే అయిదు మిల్లీమీటర్ల మర, కాబట్టి రేపు కర్ర పిడి కావాలనిపిస్తే అదొక్కటే కొనుక్కోవచ్చు. కొనేముందు లోపలి మర గుచ్చి అతికించిందా, లేక ఇత్తడి కడ్డీ పిడి పొడవునా ఉందా అని అడగండి. నేను అడగలేదు.

తలకి అయిదుకి నాలుగున్నర, పిడికి ఒకటిన్నర. కిటికీలో తులసి కుండీ పక్కన గడ్డం కత్తి ఏంటని మా ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది.