హెచ్‌ఐవీ బుగులు పట్టుకుంటే ఏది మేలు: ఫోన్‌లో వెతకడమా, ల్యాబ్‌కు ఉరకడమా, ఐసీటీసీకి (సర్కారు ఉచిత హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రానికి) పోవడమా?

కండోమ్ లేకుండా కలిశారు, లేదంటే మధ్యలో చిరిగింది, తెల్లారేసరికి గుండెల్లో దడ. అప్పుడు అందరూ అడిగేది టెస్టు ఎక్కడ చేస్తారని. నేనైతే ముందు ఎన్ని గంటలైందని అడుగుతా. 72 గంటలు దాటాయా లేదా అన్నదాన్ని బట్టే ఏది మేలో తేలుతుంది.

దాటకపోతే టెస్టు కంటే ముందు మందు సంగతి చూడాలి. పెప్ అంటారు, 28 రోజులు రోజూ వేసుకునే మాత్రలు, వైరస్ ఒంట్లో పాతుకోకముందే అడ్డుకుంటాయి. మొదటి మాత్ర ఎంత తొందరగా పడితే అంత మంచిది. ఆదివారం రాత్రి జరిగితే బుధవారం రాత్రితో గడువు ఐపోతుంది, సెలవు దొరికినంక చూద్దాంలే అంటే కుదరదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రుల్లో ఏఆర్‌టీ సెంటర్లు (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాలు) ఉన్నాయి, వెళ్లి అడగండి. ప్రభుత్వం ఈ మందును ముఖ్యంగా సూది గుచ్చుకున్న ఆసుపత్రి సిబ్బందికి, లైంగిక దాడికి గురైనవాళ్లకు ఇస్తుంది కాబట్టి మీకు కుదరదనొచ్చు. అలా అంటే అక్కడే పూటంతా గడపకుండా అదే రోజు ప్రైవేటులో ఎండీ డాక్టరును కలిసి రాయించుకోండి.

మూడు రోజులు దాటాక ఈ దారి మూసుకుపోతుంది, ఇక మిగిలేది టెస్టు, దానికోసం ఆగడం. నిజమైన టెన్షన్ ఇక్కడే. మిర్యాలగూడ వైపు నాకు తెలిసిన ఒక తమ్ముడు ఐదో రోజునే ప్రైవేటు ల్యాబ్‌లో రక్తమిచ్చాడు. నెగెటివ్ వచ్చింది, ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు, రెండు రోజులకు మళ్లీ "అన్నా, రిపోర్టు తప్పేమో" అని ఫోన్. రిపోర్టు తప్పు కాదు, కానీ అది పాత సంగతే చెప్పింది, ఆ రాత్రి గురించి ఏమీ చెప్పలేదు. వేలు గుచ్చి చేసే ర్యాపిడ్ టెస్టు వైరస్‌తో పోరాడడానికి మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను వెతుకుతుంది, అవి కనపడాలంటే 23 నుంచి 90 రోజులు పడుతుంది. నరంలోంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టు వైరస్ తాలూకు యాంటిజెన్‌ను, అంటే వైరస్ సొంత ముక్కను కూడా పట్టుకుంటుంది కాబట్టి 18 నుంచి 45 రోజుల్లో తేలుస్తుంది. చేతిలో డబ్బుంటే 45 రోజులు నిండాక ఆ ఫోర్త్ జనరేషన్ ఒక్కటి చాలు, లేకుంటే మూడు నెలలకు ఐసీటీసీలో ఉచితంగా చేయించుకోండి. వారం వారం చేయించుకోవడం దండగ, ప్రతిసారీ భయం మొదటికొస్తుంది. పెప్ వాడినవాళ్లకు మాత్రం ఈ లెక్క మారుతుంది, ఎప్పుడెప్పుడు రావాలో డాక్టరే చెప్పాలి.

కొందరు ఎవరికీ తెలియకుండా రక్తదాన శిబిరంలో రక్తమిచ్చి తెలుసుకుందామనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మొదటి రోజుల్లో పరీక్షకు దొరకని వైరస్ ఆ సీసాతో పాటు ఇంకొకరి ఒంట్లోకి పోవచ్చు.

ఇక ఫోన్‌లో వెతకడం. జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు అని చదవగానే అద్దం ముందు నాలుక చాపి చూసుకోవడం, మెడ కింద బిళ్లలు ఉన్నాయేమోనని రోజుకు పదిసార్లు నొక్కడం, నొక్కీ నొక్కీ అక్కడ నిజంగానే నొప్పి పుట్టడం. అవే లక్షణాలు మామూలు వైరల్ జ్వరానికీ ఉంటాయి, హెచ్‌ఐవీ సోకినా కొందరికి ఏమీ కనపడదు, అందుకే లక్షణాలతో తేల్చలేం. చదవాల్సింది ఏదైనా ఉంటే ఈ లెక్క: అవతలివాళ్లకు హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకుండా, కండోమ్ లేకుండా యోనిలో కలిస్తే మగవాళ్లకు సోకే అవకాశం 10,000 సార్లకు దాదాపు 4, ఆడవాళ్లకు దాదాపు 8. మలద్వారంలో తీసుకున్నవాళ్లకు 138 దాకా ఉంటుంది, అక్కడ అశ్రద్ధ పనికిరాదు. ముద్దుతో, కలిసి తినడంతో, దోమ కుట్టడంతో రాదు.

నా ఓటు ఐసీటీసీకే, టెస్టు ఉచితమని మాత్రమే కాదు, అక్కడ కౌన్సెలర్ ఉంటారు. తలుపు దగ్గరికేసి కూర్చోబెట్టి ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, కండోమ్ వాడారా అని అడుగుతారు, మళ్లీ ఏ తారీకుకు రావాలో చెప్తారు. ఆ తారీకు చేతిలో ఉంటే సగం గాబరా తగ్గుతుంది. తెలిసినోళ్లు చూస్తారేమోనని సిగ్గైతే దేవరకొండ వాళ్లు నల్లగొండకు, అచ్చంపేట వాళ్లు మహబూబ్‌నగర్‌కు పోండి, తప్పేం లేదు. మీ ఒప్పుకోలు లేకుండా టెస్టు చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది. గడప దాటే ధైర్యం రాకపోతే ముందు 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నిద్ర, తిండి మానేసి రోజులు గడుస్తుంటే మాత్రం మానసిక వైద్యుణ్ని కలవండి, నెగెటివ్ వచ్చినా భయం వదలనివాళ్లకు కూడా ఇదే మాట.

పెళ్లైనవాళ్లు చివరి రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో కండోమ్ వాడాల్సిందే, భార్యో భర్తో అడిగితే ఏం చెప్పాలో కూడా కౌన్సెలర్‌నే అడగండి. ఒకవేళ పాజిటివ్ వస్తే మందులు ఏఆర్‌టీ సెంటర్లోనే ఉచితంగా ఇస్తారు, రోజూ వేసుకుని వైరస్ పరీక్షలో కనపడనంతగా తగ్గి అలాగే ఉంటే, కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు.