నుదుటి గాయానికి కుట్లు లేకుండా గమ్ము వేశారు (విజయనగరం)

మా గుంటడికి నాలుగేళ్లు. మొన్న పరిగెత్తుకుంటూ వచ్చి మంచం కోడుకి గుద్దుకున్నాడు, కనుబొమ్మ పైన రెండు సెంటీమీటర్లు చీరుకుపోయింది. చున్నీ అదిమిపెట్టి ఆటో ఎక్కి కోట జంక్షన్ దాటాక ఉన్న పిల్లల ఆస్పత్రికి పట్టుకెళ్లిపోయాం. దారంతా నా భయం కుట్ల గురించే, ఎందుకంటే రెండేళ్ల కిందట మా పాపకి పెదవి అంచు తెగినప్పుడు నలుగురం పట్టుకుంటే గానీ కుట్లు పడలేదు, మళ్లీ ఐదో రోజు అవి విప్పించడానికి ఇంకో ఏడుపు.

ఇక్కడ డాక్టర్ గారు గాయం బాగా కడిగి, లోతు చూసి, "గమ్ము చాలమ్మా" అన్నారు. మా అత్తగారు "ఏటి బాబూ, ఫెవిక్విక్కా?" అని అడిగేశారు. ఆయన విసుక్కోలేదు, రెండూ సైనోఎక్రిలేట్ అనే జిగురు జాతే గానీ ఇది ఒంటికోసం చేసిన రకం, ఇంట్లోది పెడితే చర్మం కాలుతుంది, ఎప్పుడూ పెట్టకండి అని చెప్పారు. కంట్లోకి కారకుండా తడి గాజుగుడ్డ అడ్డం పెట్టి, గాయం అంచులు రెండు వేళ్లతో దగ్గరకి నొక్కి, ఊదా రంగు మందు పైపైన మూడు పూతలు పూశారు. మావాడు "వేడిగా ఉందమ్మా" అన్నాడు అంతే, నా వేలు వదల్లేదు గానీ ఏడవలేదు. టీకాల కార్డు చూసి టీటీ కూడా అక్కర్లేదన్నారు.

పాపకి మరి ఇదెందుకు వేయలేదు అనడిగాను. పెదవి తడిగా ఉంటుంది, కదులుతూనే ఉంటుంది, పైగా ఆ అంచు గీత ఒక్క పిసరు తప్పినా జీవితాంతం కనిపిస్తుంది, అక్కడ కుట్లే కరెక్టంట. కుక్క కరిచినా, మోకాలి మీదైనా, లోతుగా నోరు తెరుచుకున్నా గమ్ము వద్దంట.

ఒక్క విషయంలో మాత్రం నాకు బాధేసింది. బిల్లు కట్టించుకుని పంపేశారు గానీ ఇంట్లో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు రాత్రి ఆయింట్‌మెంట్ రాయబోతుంటే అనుమానమొచ్చి ఫోన్ చేశాను, అప్పుడు చెప్పారు, నూనె, ఆయింట్‌మెంట్ ఏది తగిలినా గమ్ము కరిగి ఊడిపోతుందని, నానబెట్టకూడదని, గోకనివ్వకూడదని. అదొక చీటీ మీద రాసిస్తే ఎంత బాగుండేది! అందుకే ఈ ఆస్పత్రికి ఐదుకి నాలుగు స్టార్లు.

ఎనిమిదో రోజు పొద్దున్న తలగడ మీద ఊదా రంగు పొక్కులా ఊడి పడుంది. కింద సన్నటి గులాబీ గీత. ఎండలోకెళ్తే టోపీ పెడుతున్నాను.