యంత్రమా, మార్కరా, గోడా: టెన్నిస్ సాధనకు ఏది మేలు?

మే నెలలో విజయవాడలో టెన్నిస్ ఆడేవారికి ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర వరకే అనువైన వేళ. ఆపైన కాంక్రీటు కోర్టు కాళ్ళ కింద సెగలు కక్కుతుంది. ఆ రెండు గంటలను బంతులు విసిరే యంత్రం ముందు గడపాలా, డబ్బు తీసుకుని మనకు జోడీగా ఆడిపెట్టే మార్కరుతో ఆడాలా, ఖర్చు లేని గోడనే నమ్ముకోవాలా అన్నది నాకు ఏడాదిగా తెగని ప్రశ్న. మూడింటినీ వాడి చూశాను.

యంత్రం పనితీరు తెలిస్తే దాని మేలు, లోపం రెండూ తెలుస్తాయి. సాధారణంగా ఎదురెదురుగా తిరిగే రెండు చక్రాలు బంతిని ఒడిసిపట్టి బయటికి విసురుతాయి. పై చక్రం వేగంగా తిరిగితే బంతి ముందుకు దొర్లినట్టు తిరిగే టాప్‌స్పిన్, కింది చక్రం వేగంగా తిరిగితే వెనక్కి తిరిగే బ్యాక్‌స్పిన్ వస్తుంది. ఫ్రెంచ్ ఆటగాడు రెనె లాకోస్ట్ 1920లలోనే తన సాధన కోసం ఇలాంటి యంత్రం తయారు చేయించుకున్నాడంటే, ఒకే బంతిని మళ్ళీ మళ్ళీ కొట్టవలసిన అవసరం ఎంత పాతదో ఊహించవచ్చు.

నా బ్యాక్‌హ్యాండ్‌లో, అంటే రాకెట్ చేతికి అవతలి పక్కన కొట్టే దెబ్బలో, బంతిని ఆలస్యంగా, ఒంటికి మరీ దగ్గరగా తగిలించుకునే లోపం చాలా ఏళ్ళుగా ఉంది. "సార్, భుజం ముందే తిప్పండి" అని మార్కరు వందసార్లు చెప్పి ఉంటాడు. అయితే బంతి అటూ ఇటూ ఆగకుండా తిరిగే ర్యాలీలో ఏ రెండు బంతులూ ఒకేలా రావు కనుక, ఆ మాటను ఒంటికి పట్టించుకునే తీరిక నాకు దొరకలేదు. యంత్రాన్ని కోర్టు అవతలి చివర బేస్‌లైన్ దగ్గర నిలిపి, నాలుగు సెకన్లకొక బంతి ఒకే చోట పడేలా అమర్చుకున్న మూడో ఉదయం, అంతవరకు మొద్దుగా వినిపించిన దెబ్బ ఉన్నట్టుండి టంగుమని మోగింది. చూస్తే బంతి నా ముందరి మోకాలికి జానెడు ముందే రాకెట్‌కు తగులుతోంది. ఈ మార్పు తెచ్చిన ఘనత యంత్రానిదే.

అయితే లెక్క చూడండి. నాలుగు సెకన్లకొకటి చొప్పున 120 బంతులు ఎనిమిది నిమిషాల్లో అయిపోతాయి. వాటిని ఒంటరిగా ఏరుకోవడానికి నాకు మరో పది నిమిషాలు పడుతుంది. గంటలో సగానికి పైగా ఏరడానికే పోతుందన్న మాట. తోడుగా మరొకరు వచ్చి ఖర్చు పంచుకుని, ఒకరు కొడుతుంటే మరొకరు ఏరితేనే యంత్రం గిట్టుబాటవుతుంది.

బంతుల సంగతి ఇంకా ముఖ్యం. నిబంధనల ప్రకారం మామూలు బంతి 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు ఎగరాలి. లోపలి గాలి పీడనం తగ్గేకొద్దీ ఆ ఎగురు పడిపోతుంది. కొత్తవీ పాతవీ కలిపి తొట్టిలో పోస్తే, అమరిక మార్చకపోయినా ఒక బంతి సర్వీస్ గీత దగ్గరే చతికిలపడుతుంది, మరొకటి భుజం ఎత్తుకు లేస్తుంది. అందుకే యంత్రానికి పీడనం అవసరం లేని బంతులను, అవీ ఒకే వయసువి, వాడడం మంచిది. శీతకాలపు మంచుకు తడిసిన బంతులు చక్రాల మధ్య జారతాయి కనుక వాటిని పక్కన పెట్టాలి.

యంత్రానికి భుజాలు లేవు. నా దృష్టిలో దాని అసలు లోపం అదే. ఎదుటివాడి రాకెట్ బంతిని తాకే క్షణానికి మనం చిన్న గెంతుతో రెండు పాదాలపై దిగి, ఏ పక్కకైనా కదలడానికి సిద్ధంగా ఉండాలి. ఆ క్షణం ఎప్పుడో అతని భుజం, రాకెట్ వాలు చూసి పసిగట్టాలి. రెండు వారాలు యంత్రంతోనే ఆడి మ్యాచ్‌కు వెళ్ళినప్పుడు నా బ్యాక్‌హ్యాండ్ బాగుంది కాని, బంతి దగ్గరికి ప్రతిసారీ అర అడుగు ఆలస్యంగా చేరాను. ఈ చదువు మార్కరు దగ్గరే దొరుకుతుంది. కాకపోతే ర్యాలీ తెగకూడదని అతను మనకు అనువైన చోటికే కొడుతుంటాడు. కాబట్టి అటూ ఇటూ పరిగెత్తించమని ముందే అడగాలి.

గోడ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నేల నుంచి 91 సెంటీమీటర్ల ఎత్తున, అంటే నెట్ మధ్యభాగం ఎత్తున, సుద్దగీత గీసుకుంటే, బంతి నేల తాకకముందే కొట్టే వాలీలకూ చేతి చురుకుదనానికీ అంతకంటే చవకైన గురువు లేడు. మన దెబ్బ అవతలి కోర్టులో ఎంత లోతుగా పడిందో మాత్రం అది చెప్పలేదు.

భారత టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని పుట్టిన ఊరు కనుక, ఇక్కడ పెద్ద ఆశలతో పిల్లలను కోర్టుకు తెచ్చే తల్లిదండ్రులు యంత్రం గురించి అడుగుతుంటారు. పదేళ్ళలోపు పిల్లలకు నేను వద్దనే చెబుతాను. ఆ వయసువారి పోటీల్లో మామూలు పసుపు బంతిని వాడకూడదని అంతర్జాతీయ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. అలాంటప్పుడు యంత్రం విసిరే గట్టి బంతి భుజం దాటి లేస్తే పసివాడు పట్టు మార్చుకుని తప్పుడు అలవాటు నేర్చుకుంటాడు. కోచ్ దగ్గరగా నిలబడి మెత్తటి బంతులను చేత్తో వేయడమే వారికి సరైనది.

పెద్దవారిలో స్ట్రోకు లోపమున్నవారికి మూడు, నాలుగు వారాలు యంత్రం మేలు. స్ట్రోకు బాగుండి మ్యాచ్‌లు ఓడిపోతున్నవారికి మార్కరు మేలు. నేను ఇప్పుడు వారంలో ఒక్క ఉదయమే యంత్రం ముందు నిలబడుతున్నాను, అదీ బ్యాక్‌హ్యాండ్ కోసమే. మూడు ఉదయాలు మార్కరుతో ఆడుతున్నాను.