16 అంగుళాల అల్లాయ్ చక్రాల్లో గాలి ఎంత ఉండాలి? కోనసీమ రోడ్ల మీద 48,000 కిలోమీటర్ల తరువాత

మాది చిన్న హ్యాచ్‌బ్యాక్. కంపెనీ నుంచి 165/80 ఆర్14 టైర్లతో, ఇనుప రిమ్ములతో వచ్చింది. ఇందులో 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 80 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతమని, 14 అంటే రిమ్ము ఎన్ని అంగుళాలో. 2021 దసరాకు వాటిని తీయించి 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు, 195/55 ఆర్16 టైర్లు వేయించాను. అప్పటి నుంచి వారానికొకసారి అమలాపురంలోని మా ఇంటి నుంచి రాజోలు, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్లి వస్తూ, నెలకొకసారి రావులపాలెం దారిలో రాజమండ్రి వెళుతూ ఇప్పటికి 48,000 కిలోమీటర్లు తిరిగాను. చక్రాల అందం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగానే ఉన్నాయి. వాటిలో ఎంత గాలి ఉంచాలో తేలడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది. ఈలోగా ఒక టైరు పోయింది, ఒక రిమ్ము వంగింది.

డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద మా కారుకు ముందూ వెనకా 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) అనీ, నిండా మనుషులు, సామాను ఉంటే వెనక 36 అనీ ఉంది. అది కంపెనీ వేసిన 14 అంగుళాల టైర్లకు చెప్పిన అంకె. చక్రాలు బిగించిన షాపులో ఆ స్టిక్కరు వైపు ఎవరూ చూడలేదు. "అల్లాయ్ కదండీ, 40 కొట్టేద్దామండి, గట్టిగా ఉంటుందండి" అన్నాడు అక్కడి కుర్రాడు. నేనూ సరేనన్నాను. టైరు పక్కన 44 అని అచ్చయి ఉండడంతో 40 తక్కువే కదా అనుకున్నాను. ఆ 44 టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడే తప్ప మనం పెట్టించుకోవలసిన అంకె కాదని తరువాత తెలిసింది.

40తో తొమ్మిది వేల కిలోమీటర్లు నడిపాను. తూముల మీద వెనక సీటులో కూర్చున్న మా అమ్మ ఎగిరి పడేది; వాన పడిన తారు మీద బ్రేకు వేస్తే కారు కొంచెం జారి ఆగేది. చక్రాలు అటూ ఇటూ మార్పించే రోజున ట్రెడ్ (టైరు రోడ్డును తాకే భాగంలోని గాళ్లు) లోతు కొలిపిస్తే మధ్యలో 6.2 మిల్లీమీటర్లు, అంచుల్లో 6.8 వచ్చింది. గాలి ఎక్కువై టైరు నడుము ఉబ్బి, మధ్య భాగమే రోడ్డును రాసుకుంటోందన్న మాట.

దానికి విరుగుడుగా రెండో తప్పు చేశాను. మా వైపు బంకుల్లో ఏ కారు వచ్చినా 30 పెట్టడం అలవాటు. నేనూ అదే పెట్టించాను. ప్రయాణం మెత్తగా, హాయిగా ఉంది. ఒక సంక్రాంతికి నలుగురం, డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలతో కాలువ గట్టు రోడ్డులో వస్తూ, ఎదురు లారీకి దారి ఇవ్వబోయి తూము పక్కన విరిగిన తారు అంచు మీదికి ముందు ఎడమ చక్రాన్ని ఎక్కించాను. వేగం నలభై కూడా లేదు. మర్నాడు చూస్తే టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు, రిమ్ము లోపలి అంచున వంపు కనిపించాయి. పాత టైరుకు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 132 మిల్లీమీటర్ల రబ్బరు గోడ ఉండేది, ఇప్పుడు ఉన్నది 107 మాత్రమే. అందులో గాలీ తక్కువగా ఉంటే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది.

ఆ తరువాతే కుదురుగా లెక్క చూసుకున్నాను. పాత టైరు మీద 85 అన్న లోడ్ ఇండెక్సు ఉంది, అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదు. కొత్తదాని మీద 87, అంటే 545 కిలోలు. కాబట్టి బరువు లెక్కన స్టిక్కరు మీది 33 సరిపోతుంది, పెంచాల్సిన పని లేదు. పెంచాల్సింది గోతుల కోసమే, అదీ కొంచెమే. ఇదే కారుకు 185/55 ఆర్16 వేయించుకున్నవాళ్లను చూశాను. చాలావరకు ఆ టైరు ఇండెక్సు 83, మోత 487 కిలోలే. వాళ్లు పాత టైరుతో సమానంగా బరువు మోయించాలంటే 35, 36 దాకా గాలి పెట్టక తప్పదు. చక్రం కొనే ముందు వెడల్పు, మెరుపు చూసే మనం ఈ రెండంకెల సంఖ్యను చూడం.

ఒక్కొక్క పీఎస్‌ఐ చొప్పున మార్చి చూసి, చివరికి చల్లటి టైరులో ముందు 35, వెనక 34 దగ్గర ఆగాను. ఇంటిల్లిపాదీ సామానుతో బయలుదేరిన రోజు వెనక 38. 33తో పోలిస్తే స్టీరింగు కొంచెం చురుకుగా తిరుగుతుంది, గోతిలో పడినప్పుడు రిమ్ము తాకిన చప్పుడు లేదు. 37కు మించితే మళ్లీ ఆ కుదుపు మొదలవుతుంది. మైలేజీలో 33కూ 35కూ తేడా నాకు కనిపించలేదు. మొన్న ట్రెడ్ లోతు కొలిపిస్తే మిగిలిన మూడు పాత టైర్లలో మధ్య 2.9, అంచులు 2.8 మిల్లీమీటర్లు ఉన్నాయి. 1.6కు వస్తే మార్చేయాలి.

ఇక్కడ చల్లటి టైరు అన్న మాటే కీలకం. కనీసం మూడు గంటలు కదలకుండా నిలబడిన కారులో కొలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. మా ఇంటికి బంకు మూడు కిలోమీటర్లు, అక్కడికి చేరేసరికి టైరు వేడెక్కి ఒకటి రెండు ఎక్కువ చూపిస్తుంది. పైగా ఒకే నిమిషంలో కొలిచినా ఆ బంకు గేజీకీ నా డిజిటల్ గేజీకీ నాలుగు పీఎస్‌ఐ తేడా వచ్చింది. అందుకని పొద్దున్నే ఇంటి దగ్గర కొలుస్తాను. 32 ఉంటే మూడు తక్కువని రాసుకుని, బంకులో నా గేజీ 34 చూపిస్తే 37కు పెట్టిస్తాను. భీమవరం నుంచి వచ్చీ రాగానే కొలిచి 39 ఉందని గాలి తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

ఋతువు మారినా అంకె మారుతుంది. సుమారు ఆరు డిగ్రీల వేడికి ఒక పీఎస్‌ఐ అటూ ఇటూ అవుతుంది. మే నెల ఉదయం సరిగ్గా పెట్టిన గాలి, టైరు నుంచి అసలు బయటికి పోకపోయినా, సంక్రాంతి మంచులో రెండు తగ్గి కనిపిస్తుంది. నైట్రోజన్ ఒక ఏడాది పట్టించాను. మామూలు గాలిలోనే నూటికి డెబ్బై ఎనిమిది పాళ్లు అదే కాబట్టి, నెలకొకసారి కొలిచేవాడికి దానివల్ల ఒరిగేదేమీ నాకు కనిపించలేదు.

మా ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఉప్పు. సముద్రపు గాలి ఒకవైపు, చేపలు, రొయ్యల లారీల నుంచి రోడ్డు మీద కారే నీళ్లు మరోవైపు. మూడో ఏట వెనక కుడి చక్రంలో వారానికి రెండు పీఎస్‌ఐ తగ్గుతుంటే పంక్చరనుకుని రెండుసార్లు నీటిలో ముంచి చూపించాను, మేకు లేదు. టైరు విప్పితే, టైరు అంచు కూర్చునే చోట అల్లాయ్ తెల్లగా పొక్కిపోయి ఉంది. అక్కడ రుద్దించి, సీలెంటు రాయించి బిగించాక నిలిచింది. మెరుస్తాయని కొన్న అల్యూమినియం వాల్వు టోపీలు ఇత్తడి వాల్వుకు పట్టేసి, ఒకటి విప్పబోతే వాల్వే తెగింది. ఇప్పుడు ఐదు రూపాయల ప్లాస్టిక్ టోపీలు వాడుతున్నాను.

స్టెపినీగా పాత 14 అంగుళాల చక్రమే ఉంది. రెండింటి ఎత్తు దాదాపు ఒక్కటే, 620 మిల్లీమీటర్ల దగ్గర, కనుక ఇంటిదాకా నడపడానికి ఇబ్బంది లేదు. దానికి మాత్రం స్టిక్కరు అంకె 33నే ఉంచాలి.

ఈ టైర్లు అరిగాక మళ్లీ 16 వేయించను. 15 అంగుళాల రిమ్ముకు 185/65 టైరు వేస్తే ఎత్తు అంతే ఉండి, రబ్బరు గోడ 120 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. కాలువ గట్లకు ఆ 13 మిల్లీమీటర్లు కావాలి. మా అబ్బాయి మాత్రం 17 అంటున్నాడు.