ఎల్‌ఎం358 ఆప్ ఆంప్: ఏళ్ల తరబడి వాడాక

ఎల్‌ఎం358 అనే ఆప్ ఆంప్ (రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాని పెంచి ఇచ్చే ఆంప్లిఫయర్ చిప్) చవక, ఏ షాపులోనైనా దొరుకుతుంది. 3 నుంచి 32 వోల్టుల వరకు ఒకే సప్లైతో నడుస్తుంది, ఇన్‌పుట్ గ్రౌండ్ దాకా దిగినా పనిచేస్తుంది. నిదానంగా మారే సెన్సర్ సిగ్నళ్లకు ఇప్పటికీ దీన్నే వాడమంటాను. కాకపోతే సర్క్యూట్ సిమ్యులేటర్‌లో ఏ లోపమూ లేని ఆదర్శ ఆప్ ఆంప్ పెట్టి లెక్కలు చూసుకుని, బోర్డు మీద దీన్ని టంకం వేస్తే కుదరదు.

పైవైపు తేడా అందరికీ తెలిసిందే. 5 వోల్టుల సప్లై ఇస్తే అవుట్‌పుట్ సుమారు 3.5 దగ్గర ఆగిపోతుంది. ఏడీసీకి (వోల్టేజిని అంకెలుగా మార్చే చిప్‌కి) పూర్తి రేంజ్ కావాలంటే ఎంసీపీ6002 లాంటి రైల్-టు-రైల్ చిప్, అంటే అవుట్‌పుట్ దాదాపు సున్నా నుంచి సప్లై దాకా వెళ్లేది వేసుకోవాలి.

అసలు చిక్కు కిందివైపు. అవుట్‌పుట్ సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడు ఈ చిప్ లోపలికి లాక్కోగలిగే కరెంటు దాదాపు 50 మైక్రోఆంపులే. సప్లై 5, రెఫరెన్స్ 2.5 వోల్టులు, రెండు రెసిస్టర్లూ 10 కిలోఓమ్‌లుగా ఇన్వర్టింగ్ ఆంప్లిఫయర్ కట్టి, ఇన్‌పుట్‌కి 4.9 వోల్టులు ఇవ్వండి. లెక్క ప్రకారం 0.1 వోల్టు రావాలి. కానీ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 240 మైక్రోఆంపులు తోస్తుంది కాబట్టి అవుట్‌పుట్ 0.6-0.7 వోల్టుల దగ్గరే ఇరుక్కుంటుంది. చిప్ పాడైందనుకుని మార్చినా అదే వస్తుంది. రెసిస్టర్లు రెండూ 100 కిలోఓమ్‌లు చేస్తే కరెంటు 24 మైక్రోఆంపులకు దిగి సర్దుకుంటుంది. అయితే ఇన్‌పుట్ పిన్నులో పారే 45 నానోఆంపుల బయాస్ కరెంటు అదే 100 కిలోఓమ్‌లలో పారి 4.5 మిల్లీవోల్టుల తప్పు చేరుస్తుంది. ప్లస్ ఇన్‌పుట్‌కి సిరీస్‌లో 50 కిలోఓమ్‌లు పెడితే అందులో చాలావరకు పోతుంది.

ఆడియోకి వాడేవాళ్లకు క్రాస్‌ఓవర్, అంటే అవుట్‌పుట్ కరెంటు దిశ మారేచోట సిగ్నల్‌లో పడే మెట్టు, పెద్ద తలనొప్పి. కరెంటు ఇవ్వడం నుంచి లాక్కోవడానికి మారేటప్పుడు లోపలి నోడ్ వోల్టుకు పైగా కదలాలి. స్లూ రేటు (వోల్టేజి మారగలిగే గరిష్ఠ వేగం) మైక్రోసెకనుకు 0.3 వోల్టులే కాబట్టి ఆ మూడు నాలుగు మైక్రోసెకన్లూ అవుట్‌పుట్ కదలదు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర కంటికి ఆనదు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఆసిలోస్కోపులో మెట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 12 వోల్టుల సప్లైలో అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 4.7 కిలోఓమ్‌లు వేస్తే, లోడ్ తేలికైనదైతే మెట్టు మాయమవుతుంది.

ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ దగ్గర చిప్ తనంతట తాను చేర్చే తప్పు వోల్టేజి) కూడా లెక్కలో ఉంచుకోండి. మామూలు గ్రేడులో ఇది 7 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు. కరెంటు కొలవడానికి పెట్టే 10 మిల్లీఓమ్ షంట్ రెసిస్టర్ మీద 1 ఆంపియర్‌కి వచ్చేదే 10 మిల్లీవోల్టులు, అలాంటి చోట రీడింగ్‌ని నమ్మలేం. ఎల్‌ఎం358బీలో గరిష్ఠం 3 మిల్లీవోల్టులు, కొత్త డిజైన్లకు అదే మేలు.

సిమ్యులేటర్‌లో తయారీదారు ఇచ్చే మోడల్ వాడితే ఇవన్నీ కనిపిస్తాయనీ అనుకోవద్దు. 1974లో బాయిల్ బృందం ప్రచురించిన మాక్రోమోడల్ (చిప్‌ని సులువైన సర్క్యూట్‌తో అనుకరించే నమూనా) బాటలో తయారైనవి చాలా ఉన్నాయి, క్రాస్‌ఓవర్ వాటికి తెలియదు. మోడల్‌ని నమ్మేముందు ఫాలోయర్ (అవుట్‌పుట్‌ని మైనస్ ఇన్‌పుట్‌కి నేరుగా కలిపిన సర్క్యూట్) కట్టి మూడు పరీక్షలు చేయండి. 5 వోల్టుల సప్లైలో 0 నుంచి 5 దాకా ర్యాంప్ ఇస్తే 3.5 దగ్గర ఆగాలి. ఇన్‌పుట్ సున్నా చేసి, అవుట్‌పుట్‌లోకి 200 మైక్రోఆంపులు తోస్తే వోల్టేజి పైకి లేవాలి. సప్లై సగానికి కట్టిన 10 కిలోఓమ్ లోడ్‌తో 10 కిలోహెర్ట్జ్ సైన్ పంపితే మెట్టు రావాలి. ఏది రాకపోతే ఆ విషయంలో సిమ్యులేషన్‌ని పక్కనపెట్టి బ్రెడ్‌బోర్డు మీద చూసుకోవాల్సిందే.