ఫ్యూచరామా: ముగింపు రాయడం వచ్చు, ముగించడమే రాదు

వెయ్యేళ్ళు నిద్రపోయి లేచిన డెలివరీ కుర్రాడు ఫ్రై, ఒంటికన్ను కెప్టెన్ లీలా, చేతివాటం ఉన్న రోబో. ఇదంతా మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా. కాలేజీ రోజుల నుంచి ఈ అమెరికన్ కార్టూన్ కామెడీ షో చూస్తున్నాను, పాత సీజన్లు మళ్ళీ మళ్ళీ చూశాను. నా బాధంతా దీని చివరి ఎపిసోడ్ల గురించే. నిజానికి ‘చివరి ఎపిసోడ్లు’ అని బహువచనంలో అనాల్సి రావడమే నా బాధ.

1999లో ఫాక్స్ ఛానెల్‌లో మొదలైన షో 2003 ఆగస్టులో మొదటిసారి ముగిసింది. ఆ ఎపిసోడ్‌లో ఫ్రై రోబో సైతాను చేతులు తగిలించుకుని, లీలా మీద ఒక ఆపెరా రాస్తాడు. మధ్యలో ఆ చేతులు పోతాయి, సొంత చేతులే మిగులుతాయి. వాటితో వాయిస్తే భరించలేక హాలంతా లేచి వెళ్ళిపోతుంది. లీలా ఒక్కతే కూర్చుని, ఆపొద్దు, ఇది ఎలా ముగుస్తుందో వినాలి అంటుంది. ఫ్రై వచ్చీరాని వాయిద్యంలోంచి చిన్నపిల్లలు గీసినట్టుండే రెండు బొమ్మలు లేచి, ముద్దు పెట్టుకుని, చేతులు పట్టుకుని నడిచి వెళ్ళిపోతాయి. అంతే. షో ఉంటుందో పోతుందో తెలియని స్థితిలో రాసిన ఎపిసోడ్‌కి ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత డీవీడీ సినిమాలు వచ్చాయి. 2009లో వచ్చిన నాలుగో సినిమా చివర అందరూ ఓడెక్కి ఎక్కడికి తేలుతుందో తెలియని ఒక బిలంలోకి దూసుకుపోతారు. అది రెండో వీడ్కోలు. ఏడాది తిరగ్గానే కామెడీ సెంట్రల్ ఛానెల్‌లో మళ్ళీ ప్రత్యక్షం. 2011లో ఇంకో వీడ్కోలు: ఫ్రై, లీలా తమ భవిష్యత్తు రాసి ఉన్న కాగితం చదువుకుంటారు, అందులో ఏముందో మనకు చూపించరు. మళ్ళీ రెండేళ్ళు నడిచింది. 2013 సెప్టెంబరులో ‘మీన్‌వైల్’ వచ్చింది. ఇక ఇదే చివరిదని నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

అందులో ఆ డెలివరీ కంపెనీ యజమాని ప్రొఫెసర్ ఫార్న్స్‌వర్త్ కాలాన్ని 10 సెకన్లు వెనక్కి తిప్పే బటన్ ఒకటి చేస్తాడు. అది పగిలిపోయి ప్రపంచమంతా ఎక్కడికక్కడ ఆగిపోతుంది. ఫ్రై, లీలా ఇద్దరే కదులుతారు. పెళ్ళి చేసుకుని, ఆగిపోయిన లోకమంతా నడిచి తిరిగి, ముసలివాళ్ళవుతారు. చివర్లో ప్రొఫెసర్ వచ్చి బటన్ బాగుచేస్తానంటాడు. అంతా వెనక్కి వెళ్తుంది కానీ ఈ జీవితమేదీ వాళ్ళకు గుర్తుండదు. మళ్ళీ ఇంకోసారి తిరిగొద్దామా అని ఫ్రై అడుగుతాడు, సరేనంటుంది లీలా. చూసేవాడు లేచి మొదటి ఎపిసోడ్ పెట్టుకోవడానికి ఇది ఆహ్వానం. నేను చాలాసార్లు అదే పని చేశాను.

మా తమ్ముడికి ఈ షో నేనే అంటించాను. మొదటి నుంచి చూపిస్తూ చూపిస్తూ ‘మీన్‌వైల్’ దాకా తెచ్చాను. వాడు మామూలుగా సినిమా చూస్తూ ఫోన్ నొక్కుకునే రకం. ఆ రాత్రి మాత్రం ఫోన్ బోర్లా పెట్టాడు. లీలా సరే అంది, స్క్రీన్ నల్లబడింది, పేర్లు మొదలయ్యాయి. నేను రిమోట్ కోసం తడుముకుంటుండగానే మూలన కౌంట్‌డౌన్ వచ్చింది. ఆటోప్లే! దిండు కింద రిమోట్ దొరికేసరికి ‘ది ఇంపాజిబుల్ స్ట్రీమ్’ మొదలైపోయింది. పదేళ్ళ తర్వాత, 2023 జులైలో వచ్చిన పునరాగమనం తాలూకు మొదటి ఎపిసోడ్ అది. ఆగిపోయిన కాలం సంగతి చకచకా తేల్చేసి, కథను 3023లోకి లాక్కొచ్చి జోకులు మొదలుపెడుతుంది. తమ్ముడు నా వైపు తిరిగి, “అదేంటక్కా, అప్పుడే లేపేశారా? ఇప్పుడే కదా ఏడ్చాను” అన్నాడు. ప్రొఫెసర్ బటన్ నిజంగా అవసరమైంది ఆ 10 సెకన్లకే.

రిమోట్‌ని, యాప్‌ని తిట్టుకోవచ్చు. కానీ ఆ యాప్ నిమిషంలో చేసిందే షో కూడా పదేళ్ళు తీసుకుని చేసింది. ముగింపును ముగింపులా ఉండనివ్వలేదు. పైగా వాళ్ళకు సిగ్గు కూడా ఉంది, అదే ఎపిసోడ్‌లో తమను తామే ఎగతాళి చేసుకుంటారు. ఫ్రై లోకంలోని టీవీ షోలన్నీ చూసేయాలని కూర్చుంటాడు, ‘ఫులు’ అనే స్ట్రీమింగ్ కంపెనీ ఒక పాత సీరియల్‌ని బతికిస్తుంది. అసలు షోని బతికించింది హులు. నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. తప్పు చేస్తూ కన్నుకొట్టినంత మాత్రాన అది తప్పు కాకుండా పోదు కదా.

ఇక్కడే ఫ్యూచరామా వీడియో గేమ్ గుర్తొస్తుంది. 2003లో, షో మొదటిసారి ముగిసిన ఆగస్టులోనే అమెరికాలో విడుదలైంది, ప్లేస్టేషన్ 2కి, ఎక్స్‌బాక్స్‌కి. ఆటగా చూస్తే ఓపికకు పరీక్ష. గెంతాల్సిన చోట కెమెరా ఇంకెటో చూస్తుంటుంది. కథ మాత్రం అసలైన ఫ్యూచరామా: గొంతులు అవే, జోకులు అవే. ఆ మధ్య మధ్య వచ్చే సీన్లన్నీ కలిపి తర్వాత ఒక డీవీడీలో ‘ది లాస్ట్ అడ్వెంచర్’ పేరుతో పోయిన ఎపిసోడ్‌లా ఇచ్చారు. ఆడకుండా అది చూస్తే చాలు. నాకు నచ్చింది ఒక్క చమత్కారం. ఆటలో చచ్చిన ప్రతిసారీ మళ్ళీ లేవాలి కాబట్టి, చచ్చినవాళ్ళను లేపే యంత్రమొకటి ప్రొఫెసర్ చేతనే కథలోకి తెప్పించారు. అప్పుడు నవ్వుకున్నాను. షో చరిత్రంతా ఆ యంత్రమేనని తర్వాత కదా అర్థమైంది.

కొత్త సీజన్లతో నాకున్న ఇంకో పేచీ, తాజా వార్తల మీద జోకులు. క్రిప్టో తవ్వకం, వ్యాక్సిన్, ఆన్‌లైన్ షాపింగ్ దిగ్గజం, అన్నిటికీ ఒక్కో ఎపిసోడ్. ఇది కొత్త రోగం కూడా కాదు. 2010లోనే కంట్లో పెట్టే ఫోన్ ఎపిసోడ్‌లో లీలా ఒంటి మీద పాట పాడే గడ్డ ఒకటి ఉంటుంది, పేరు సూసన్. బ్రిటన్ టాలెంట్ షోలో పాడి 2009లో పేరు తెచ్చుకున్న సూసన్ బాయిల్ మీద జోకు అది (ఇంగ్లీషులో గడ్డను ‘బాయిల్’ అంటారు). తమ్ముడికి ఆవిడెవరో తెలీదు. నేను వివరించేసరికి సీన్ అయిపోయింది. 2002లో వచ్చిన, యజమాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఫ్రై కుక్క కథకు మాత్రం ఏ వివరణా అక్కర్లేకపోయింది.

ఇంత తిట్టాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. 2003 జనవరిలో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఫ్రై తోటి ఉద్యోగి ఆమీ ప్రియుడు, గ్రహాంతరవాసి కిఫ్ గర్భం దాలుస్తాడు. పిల్లల జన్యువులు లీలావి, ప్రేమ ఆమీది. బురదనీళ్ళలోకి తోకకప్పల్లా వెళ్ళిన ఆ పిల్లలు కాళ్ళొచ్చి తిరిగి రావడానికి 20 ఏళ్ళు పడుతుందంటారు. అప్పటికి సిద్ధంగా ఉంటానంటుంది ఆమీ. అప్పట్లో అది ఎపిసోడ్ ముగించడానికి వేసిన తెలివైన ఎత్తు అనుకున్నాను. 2023 జులైలో, నిజంగానే 20 ఏళ్ళు గడిచాక, ఆ పిల్లలు నీళ్ళలోంచి బయటికొచ్చారు. ముగ్గురే మిగిలారు. అమ్మ ఎవరు, కన్నది ఎవరు, పెంచేది ఎవరు అన్న గొడవ మధ్య ఆమీ తడబడుతుంటే, మొదటి ఎపిసోడ్ చూసినప్పటికీ ఇప్పటికీ నా జీవితం ఎంత మారిందో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. కొత్త షో ఏదీ ఈ పని చేయలేదు. 20 ఏళ్ళు మనతో పాటు ముసలిదైన షోకే ఇది చేతనవుతుంది. మధ్యలో అది ముగిసి ఉంటే ఈ ఎపిసోడే లేదు.

కాబట్టి ‘మీన్‌వైల్’ దగ్గర ఆపేయండి అని గట్టిగా చెప్పలేను. 2024, 2025 సీజన్లు కూడా చూశాను, ఒకట్రెండు చోట్ల బాగానే నవ్వాను, మళ్ళీ పెట్టుకుని చూడాలనిపించలేదు. నాలా పాతికేళ్ళ అనుబంధం ఉంటే, ఆ పిల్లల ఎపిసోడ్ కోసమైనా కొత్తవి చూడండి. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు మాత్రం ‘మీన్‌వైల్’ తర్వాత కనీసం కొన్ని నెలలు ఆగండి. ముందుగా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోప్లే తీసేయండి.